తంగేడు చెక్క, మా నాయన కాలు

తంగేడు పువ్వును మెచ్చుకునేవాళ్ళు చాలామంది. బీడునేలలో పచ్చగా పూస్తుందనీ, ఎంత ఎండకూ వాడదనీ చెబుతారు. వాళ్ళెవరూ దాని చెక్క, అంటే బెరడు, కాచిన నీళ్ళు తాగి ఉండరు. నేను తాగాను. నాలుకను ఎవరో లోపలినుంచి పట్టి ముడివేసినట్టుంటుంది. పళ్ళమీద గరుకుగా ఒక పొర పేరుకుంటుంది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోదు. రంగు ఇటుకపొడి కలిపిన నీళ్ళ రంగు. వాసన తడిసిన చెప్పు వాసన. ఇది పోలిక కోసం అన్న మాట కాదు. మావైపు చెప్పుకు ఆ వాసన వచ్చేదే తంగేడు చెక్కనుంచి. తోళ్ళను నానబెట్టి ఊనేది, అంటే కుళ్ళకుండా పదును చేసేది, ఆ చెక్క నీళ్ళలోనే.

అప్పట్లో గిద్దలూరు, మార్కాపురం రెండూ కర్నూలు జిల్లాలో ఉండేవి. పైన మద్రాసు ప్రభుత్వం. మా ఊరు గిద్దలూరికి రెండు కోసుల దూరంలో, నల్లమల అంచున ఉంది. ఆ ఊరూ, దాని పక్కనున్న మూడు ఊళ్ళూ ఒకప్పుడు మావి. మా ముత్తాత తన పల్లకీ మోసిన బోయీలకు ఇచ్చిన మాన్యం, మా నాయన కాలం వచ్చేసరికి మాకు మిగిలిన పొలం కన్నా పెద్దది. ఈ సంగతి చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. మేము తిని తగలేసినవాళ్ళం కాము. కోర్టుల్లో పోయింది, కరువుల్లో పోయింది. పోయిన తర్వాత కూడా మా ఇంట్లో కొన్ని నియమాలు మిగిలాయి. మా నాయన ఇంకొకరి ఇంట్లో మంచినీళ్ళు తాగేవాడు కాదు. చావడికి నడిచే వెళ్ళేవాడు. మంచి ఎడ్లు లేని బండి ఎక్కడం కన్నా నడవడం మర్యాద అనేవాడు. ఆయన కిర్రు చెప్పులు వీధి మొదట్లో వినపడగానే చావడి అరుగుమీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. మాకు పొలం లేకపోయినా ఆ లేచి నిలబడడం ఉండేది. ఆయనకు మిగిలిన ఆస్తి అదే.

ఆయన జబ్బు సంగతి మొదట చీమలు చెప్పాయి. పెరట్లో ఆయన ఒంటికి వెళ్ళినచోట గండుచీమలు బారులు కట్టాయి. మా అమ్మ రెండు రోజులు వాటిమీద పసుపునీళ్ళు చల్లింది. మూడోరోజు ఆమెకు అర్థమైంది. మావైపు మధుమేహాన్ని అతిమూత్రం అనేవాళ్ళు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన ఎడమ మడమలో తుమ్మముల్లు దిగింది. దిగిన సంగతి ఆయనకు తెలియలేదు. కాళ్ళలో స్పర్శ తగ్గిపోయింది కాబోలు. ముంగిట్లో నెత్తుటి మరకలు చూసి మా అమ్మ అరిచేదాకా ఆయన అదే కాలితో తిరుగుతూనే ఉన్నాడు.

ఆ పుండు గురించి రాయడం నాకు ఇష్టం లేదు. రాయకపోతే మిగతాది అర్థం కాదు. మొదట చింతగింజంత ఉండేది. నెల తిరిగేసరికి అరచేయంత అయింది. అంచులు తెల్లగా నాని ఉబ్బి, మధ్యలో పచ్చగా, ఒక మూల నల్లగా ఉండేది. కట్టు విప్పినప్పుడల్లా గుడ్డతోపాటు ఒక పొర ఊడి వచ్చేది. వాసన గోడలకు పట్టింది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. నా సొంత తండ్రి కాలంటే నాకు రోత. దాన్ని దాచుకోవడానికి నేను ఊపిరి బిగబట్టుకుని కట్టు కట్టేవాణ్ణి. ఆయనకు అది తెలుసు. అందుకే కట్టు కట్టినంతసేపూ ఆయన దూలాలవైపు చూస్తూ ఉండేవాడు.

గిద్దలూరినుంచి డాక్టరును పిలిపించాం. ఆయన గుమ్మందగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పుల్లతో పుండును అటూ ఇటూ కదిపి చూసి, ఇంగ్లీషులో ఏదో అనుకుని, తెలుగులో నాతో అన్నాడు: "ఆలస్యం చేస్తే కాలు తీయాల్సి వస్తుంది. ఇప్పుడే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపో."

మా నాయన మంచంమీదనుంచి, "కర్ర పట్టుకుని కుంటుకుంటా చావడికి పోమంటావా నన్ను? నా ఎదురుగా లేచి నిలబడేవాళ్ళు నన్ను పట్టుకుని కూర్చోబెట్టాలనా? కాలు పోతే నేను గడప దాటను. ఇదే నా మాట," అన్నాడు.

ఆ మాటతో మా ఇంట్లో ఒకటే పని మిగిలింది. ఎట్లాగైనా ఆ కాలు నిలబెట్టాలి.

మా ఇంటికి వెన్న తెచ్చే గొర్రెలకాపరి ముసలామె ఒకతె ఉండేది. మేమందరం అవ్వా అని పిలిచేవాళ్ళం. డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో, కర్ర లేకుండా మంద వెంట నడిచేది. ఆమె ఒకరోజు వాకిట్లో కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఏంది అమ్మా ఈ కంపు? అటకమీద ఎలకేమన్నా చచ్చిందా?"

మా అమ్మ లోపలి మంచంవైపు చూసింది. ముసలామె తానే లేచి వచ్చి, మంచంపక్కన గొంతుక్కూర్చుని, ముక్కు మూసుకోకుండా పుండును చూసింది. ఆ ఇంట్లో ముక్కు మూసుకోకుండా దాన్ని చూసిన మనిషి ఆమె ఒక్కతే.

"ఇది మా పొట్టేళ్ళకు వచ్చేదే. వానలకు గిట్టలు నాని చీము పడతాయి. తంగేడు చెక్క కాచిన నీళ్ళలో పూటకొకసారి నిలబెడతాం. వారం తిరిగేలోగా ఎగురుతాయి."

"నేను పొట్టేలునా?" అన్నాడు మా నాయన.

"కాదులేయ్యా. పొట్టేలైతే నిలబడమంటే నిలబడతాది."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నెల రోజుల తర్వాత ఆ ఇంట్లో వచ్చిన మొదటి నవ్వు అది. ముసలామె ఊరుకోలేదు. తంగేడు చెక్క దేనికెల్లా పనికొస్తుందో వేళ్ళు మడిచి చెప్పింది. చిగుళ్ళు నెత్తురు కారితే ఆ నీళ్ళు పుక్కిలి పట్టాలి. నోరు పూస్తే అదే. కడుపు జారితే చెక్కను మజ్జిగలో నూరి తాగాలి. అతిమూత్రానికి చెక్కను ఒకటికి ఎనిమిది నీళ్ళు పోసి, నీళ్ళు ఎనిమిదో వంతుకు దిగేదాకా కాచి పొద్దున్నే పరగడుపున తాగాలి. పుండుకైతే పలచగా కాచి గోరువెచ్చగా కడగాలి. పూత రాకముందు చెక్కలో సత్తువ ఉంటుంది. పూసిన తర్వాత అది పువ్వులోకి పోతుంది.

"వంక గట్టున కావలసినంత ఉంది. సాయంత్రానికి ఒలిచి తెస్తా," అంది.

వంక గట్టు అనగానే మా నాయన ముఖం మారింది. తోళ్ళు ఊనే గుంతలు ఉండేది ఆ వాగు గట్టు కిందే. ఊరివాళ్ళెవరూ అటు మంచినీళ్ళకు పోరు.

"తోళ్ళు నానేసే చెక్కతో నా కాలు కడుగుతావా? ఆ నీళ్ళు నన్ను తాగమంటావా?"

"చెక్క చెక్కేగదయ్యా. తోలుకొకటి, కాలుకొకటి పుడతాదా?"

జవాబు లేని ప్రశ్న అడిగినవాళ్ళను మా ఇంట్లో బయటికి పంపించేవాళ్ళు. మా అమ్మ ఆమెకు దోసెడు జొన్నలు పోసి పంపించి, నాతో చాటుగా అంది: "మార్కాపురంలో మూలికల అంగడి ఉంది గదా. అక్కడైతే శుభ్రంగా ఎండబెట్టి, కాగితంలో కట్టి ఇస్తారు. అట్ల తెస్తే మీ నాయన కాదనడు."

నేను రైలెక్కి మార్కాపురం వెళ్ళాను. అంగడాయన నుదుట బొట్టు, మెడలో పూసల తావళం, వెనక గోడనిండా చిన్న చిన్న సొరుగులు. తంగేడు చెక్క కావాలన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"తంగేడు అనొద్దు నాయనా. మీలాంటి ఇంటివాళ్ళు అనాల్సిన మాట కాదు. ఆవర్తకి అనాలి. ఆవర్తకీ త్వక్కు. అది గొడ్ల కాపరులు వాడే చెక్క కాదు, వేరే. శుద్ధి చేసింది."

మీలాంటి ఇంటివాళ్ళు అన్న మాట నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. పొట్లానికి దారం చుట్టి, కొసన పసుపు అద్ది ఇచ్చాడు. నేను దాన్ని దేవుడి ప్రసాదంలాగా రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చాను. మా నాయన కూడా ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఆవర్తకి. తల ఊపాడు. ఆ పేరు లేకపోతే ఆయన గుక్కెడు కూడా మింగేవాడు కాదు. ఆయన తాగింది ఆ పేరునే.

మా ఇంట్లో ఇంకొక ఆచారం ఉండేది. ఇంటి పెద్దకు ఇచ్చే మందును కొడుకు ముందుగా రుచి చూడాలి. మా తాతల కాలంలో విషం పెడతారన్న భయంతో మొదలైంది. మా నాయనకు విషం పెట్టి బాగుపడేవాడెవడూ అప్పటికి మిగల్లేదు. అయినా ఆచారం ఆచారమే. రోజూ పొద్దున్నే కంచుగిన్నెలోనుంచి నేను ఒక గుక్క తాగి ఆయనకు ఇచ్చేవాణ్ణి. నాలుగు వారాలు అట్లా తాగాను. పలచగా కాచిన నీళ్ళతో పూటకొకసారి పుండు కడిగాం.

పుండు తగ్గలేదు. నల్లటి మూల ఇంకా పెరిగింది. మా అమ్మ కుండలోకి తొంగిచూసి, "రంగు దిగడం లేదేందిరా? ఎంత కాచినా కుడితినీళ్ళలాగే ఉంది," అనేది. "ఇంకాసేపు కాచు," అనేవాణ్ణి. ఇంకాసేపు కాస్తే ఇంకొక వాసన వచ్చేది. పుల్లగా, సున్నం కలిసినట్టు, అడుగున ఏదో కుళ్ళినట్టు. ఇంట్లో ఎటూ పుండు వాసనే కాబట్టి మేము పట్టించుకోలేదు.

ఒకరోజు వడగట్టిన గుడ్డమీద నాలుగు వెంట్రుకలు కనిపించాయి. పొట్టిగా, తెల్లగా, బిరుసుగా ఉన్నాయి. పిల్లిదేమో అంది మా అమ్మ. మా ఇంట్లో తిరిగే పిల్లి నలుపు. నేను పొట్లం విప్పి చెక్కలన్నీ చేటలో పోసి ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఒక చెక్క లోపలివైపు గోరంత తునక అతుక్కుని ఉంది. ఎండి గట్టిపడింది. దానికి వెంట్రుకలున్నాయి. గోటితో గీరితే అది చెక్కనుంచి ఊడి నా అరచేతిలో పడింది. అది చర్మం.

ఆ పొట్లం తీసుకుని నేను వంక గట్టు దిగాను. పుట్టి ఇరవై రెండేళ్ళయినా నేను అటువైపు పోవడం అదే మొదటిసారి. గాలికి ఎదురుగా నిలబడి కండువా ముక్కుకు చుట్టుకున్నాను. అయినా ఆగలేదు. మొదటి గుంత సున్నపునీళ్ళది. అందులో తోళ్ళు ఉబ్బి తెల్లగా తేలుతున్నాయి. ఆ పక్కన బండమీద గీకి పోగుపెట్టిన వెంట్రుకలమీద ఈగలు నల్లగా ముసిరి, నా అడుగు చప్పుడుకు లేచి మళ్ళీ వాలాయి. మూడో గుంతలో ఎర్రటి నీళ్ళు. గుంత గట్టున ఒక ముసలాయన తోలును కాలితో తొక్కుతున్నాడు. మోకాళ్ళదాకా ఆయన కాళ్ళు ఆ నీళ్ళ రంగుకు తిరిగిపోయాయి. మా నాయన చెప్పులకు తోలు వచ్చేది ఆ ముసలాయన చేతినుంచే. ఆయన పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఆయన పేరు అడగలేదు.

"దూరంగా నిలబడు దొరా. జారితే గుంతలో పడతావు. ఎత్తాలంటే మేము నిన్ను తాకాల్సొస్తాది," అన్నాడు ముసలాయన. వెటకారమో జాగ్రత్తో నాకు తెలియలేదు.

పొట్లం నేలమీద పెట్టి వెనక్కి జరిగాను. ఆయన వచ్చి ఒక చెక్క తీసి వాసన చూశాడు. విరిచాడు. నాలుక కొసకు ఆనించాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పళ్ళు లేని నోటితో, నడుం పట్టుకుని నవ్వాడు.

"ఇది యాడ కొన్నావు దొరా?"

"మార్కాపురంలో. ఏం?"

"ఇది మాదే. చూడు, ముక్క కొస ఏటవాలుగా లేదూ? మా ముసల్ది ఎడంచేతి మనిషి. అది నరికితే ఇట్లనే పడతాది. ఈ గుంతలో రెండు నెలలు నానినాక తీసి పారేసిన పిప్పి. బండి తోలేవాడు ఒకడు వచ్చి ఎత్తుకుపోతాంటాడు. పొయ్యిలోకి అనుకుంటిమి."

"మందని అమ్మినాడు."

"ఇందులో మందేముంది? చచ్చినాది దొరా ఇది. దీని సారమంతా తోలు తాగేసింది. తోలు తాగి వదిలేసింది మీరు తాగినారు."

నేను వంక గట్టున కూర్చుని కక్కుకున్నాను. పొద్దున తాగిన గుక్క ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. అయినా నాలుగు వారాల గుక్కలూ ఒకేసారి గొంతుకు వచ్చినట్టయింది. ముసలాయన నవ్వు ఆపాడు. నీళ్ళు ఇవ్వబోయి ఆగిపోయాడు. ఆయన ముంత నేను తాకనని ఆయనకు తెలుసు. అంత కక్కిన తర్వాత కూడా నేను తాకి ఉండేవాణ్ణి కాదని ఇప్పుడు రాస్తున్నాను.

"ఎవరికి దొరా మందు?" అని అడిగాడు కాసేపటికి.

చెప్పాను.

"పెద్దయ్యకా!" ఆయన ముఖంలో నవ్వు పూర్తిగా పోయింది. "నేను కొట్టి ఇస్తే మీ ఇంట్లోకి రాదు. నీ కొడవలి నువ్వే తెచ్చుకో. చూపిస్తా."

నేను కొడవలి తెచ్చుకున్నాను. ఆయన పది అడుగుల దూరంలో నిలబడి చెప్పాడు, నేను చేశాను. "అది కాదు, మొగ్గ తొడిగింది. దాని పక్కది. బొటనవేలంత లావుది పట్టు. ఇప్పుడు రాయి తీసుకుని కొమ్మంతా మెల్లగా కొట్టు. మెల్లగా! కొమ్మను చంపుతాండావా ఏంది? చెక్క వదులైందా? కొసన చీల్చి లాగు." లాగితే పచ్చి వాసనతో పట్టీలాగా ఊడి వచ్చింది. గాలి తగలగానే లోపలివైపు ఎర్రబారింది. కొడవలి ఇనుముకూ ఆ రసానికీ పడదు కాబోలు, నా వేళ్ళు నల్లబడిపోయాయి. సీకాయతో తోమినా, చింతపండుతో రుద్దినా పోలేదు.

మా అమ్మకు అంతా చెప్పాను. ఆమె వడగట్టే గుడ్డను పొయ్యిలో వేసింది. తర్వాత మార్కాపురం పొట్లం కాగితం విప్పి, దులిపి, పచ్చిచెక్కను అందులోనే చుట్టి, దారం కట్టి, కొసన పసుపు అద్దింది. "మీ నాయనకు ఇది ఆవర్తకే," అంది.

ఈసారి నీళ్ళు మొదటి పొంగుకే నెత్తుటి రంగుకు తిరిగాయి. పదకొండు రోజులు. నేనే వంక గట్టుకు పోయి ఒలుచుకొచ్చేవాణ్ణి. ముసలాయన దూరంగా నిలబడి వంకలు పెట్టేవాడు. నాలుగోరోజుకు చీము తగ్గింది. ఎనిమిదోరోజుకు అంచున సన్నగా గులాబీరంగు గీత కనిపించింది. తొమ్మిదోరోజు మా నాయన మంచం పట్టె పట్టుకుని రెండు కాళ్ళమీదా నిలబడ్డాడు. "ఈ పొట్లం మంచిది. అంగడాయన మొదటిసారి పాతసరుకు ఇచ్చుంటాడు," అన్నాడు. మా అమ్మ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నేను ఆగలేదు.

పొద్దున లేచినప్పటినుంచీ నా నోట్లో ఆ పిప్పి రుచి ఉండేది. ఆ బొట్టు, ఆ తావళం, మీలాంటి ఇంటివాళ్ళు అన్న ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళు మండేది. మా ఇంటివాళ్ళకు, మా ఇంటి పెద్దకు, గొడ్డు తోలు ఉమ్మేసిన నీళ్ళు తాగించిన మనిషి దర్జాగా అంగట్లో కూర్చుని ఉంటాడా అనుకున్నాను. సంతరోజు చూసుకుని మార్కాపురం వెళ్ళాను. అంగడి ముందు నిలబడి, మిగిలిన పిప్పిని ఆయన తూకం తట్టలో విసిరికొట్టాను. రాతిపలకల గని పనివాళ్ళు, సంతకు వచ్చినవాళ్ళు ముప్పై మందిదాకా మూగారు.

"తోళ్ళ గుంతలో పిప్పిని మందని అమ్ముతావా? దానికి వెంట్రుకలున్నాయి, చూడండి!"

అంగడాయన చలించలేదు. వెంట్రుకను వేలితో విదిలించాడు. "మీ నాయనకు ఎట్లుంది?"

"తగ్గుతాంది."

"తగ్గుతాంటే ఇంకేంది నాయనా నీ బాధ?"

జనం గొల్లుమన్నారు. ఒళ్ళంతా పలకపొడి పట్టిన మనిషి ఒకడు, "వెంట్రుకలకు వేరే లెక్క కట్టలేదు గదా, సంతోషించు," అన్నాడు. మళ్ళీ నవ్వులు. జీవితంలో నన్ను చూసి నలుగురు నవ్వడం అదే మొదలు. మతి పోయింది.

"నీ చెక్కతో కాదు తగ్గింది! మా ఊరి గుంతల ముసలాయన చూపించిన చెక్కతో తగ్గింది. నేనే నా చేత్తో ఒలుచుకొచ్చినా!"

అనేశాను. సంత మధ్యలో నిలబడి, నల్లటి వేళ్ళు పైకెత్తి చూపించి మరీ అనేశాను. ఆ మూకలో మా చిన్నాయన ఉన్నాడు. నాయనకు దాయాది, మార్కాపురంలో కాపురం. మేము పడిపోతుంటే చూసి సానుభూతి చూపించడం ఆయనకు ఇష్టమైన పని.

మరుసటి రోజే అరటిపళ్ళు పట్టుకుని దిగాడు. నేను పెరట్లో ఉన్నాను. లోపలికి వచ్చేసరికి ఆయన మంచంపక్కన పీటమీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎంత ఘోరం అన్నా! నెలరోజులు తోళ్ళ కడుగు తాపినారంట. ఇప్పుడేమో ఆ గుంతలవాళ్ళు చెప్పిన చెక్క తాగి నిలబడినావంట. ఏదైతేనేంలే, తగ్గింది గదా. ఊరంతా అదే చెప్పుకుంటాన్నారు. మంచికేలే."

మా నాయన చేతితో చిన్నాయనను ఆపాడు. నన్ను చూశాడు.

"చెయ్యి చూపు."

చూపించాను. ఆయన నా వేళ్ళను చాలాసేపు చూశాడు. తర్వాత, కడగడానికి మా అమ్మ అప్పుడే తెచ్చిపెట్టిన తొట్టిలోనుంచి కాలు పైకి తీసుకున్నాడు. ఎర్రటి నీళ్ళు మడమనుంచి బొట్లు బొట్లుగా దుప్పటిమీద పడ్డాయి.

"తీసుకుపో."

"తగ్గుతాంది గదా నాయనా. మొన్న నువ్వే నిలబడితివి గదా."

"తగ్గేది కాలు. రేపు నేను చావడికి పోతే వాళ్ళు దేన్ని చూసి లేస్తారు? ఈ చెక్కను చూసా?"

"ఈ సంగతి నా చెవిన పడనీకుండా ఉండాల్సింది," అని చివరికి మా నాయన నాతో అన్నాడు. తిట్టు కాదది. తిట్టినా బాగుండేది.

గొర్రెల అవ్వ వచ్చి ఒక మాట వేసి చూసింది. "అయ్యా, నీ చెప్పుల తోలు ఏ నీళ్ళలో ఊనిందనుకుంటివి? అవి ఏసుకోని తిరగలేదా ఇన్నాళ్ళు?"

"చెప్పులు కాళ్ళకు వేసుకుంటిని. నోట్లో పెట్టుకోలేదు."

అవ్వ వెన్నగిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

పచ్చిచెక్క రెండు రోజులు చేటలో ఎండి వంకర్లు పోయింది. మూడోరోజు మా అమ్మ పెరట్లో పారబోసింది. గులాబీరంగు గీత వారంలో చెరిగిపోయింది. నలుపు మడమనుంచి చీలమండకు ఎక్కింది. మూడు వారాలకు ఆయనకు జ్వరంలో ఒళ్ళు తెలియకుండా పోయింది. అప్పుడు ఆయనను అడిగే పని లేకుండా మంచంతో సహా మోసుకుపోయి, గిద్దలూరులో రైలెక్కించాం. పెట్టెలో జనం మా చుట్టూ ఖాళీ చేసి అవతలి తలుపుదగ్గర ఇరుక్కుని నిలబడ్డారు. దొనకొండలో ఎక్కిన ఒకామె లోపలికి తల పెట్టి, "అమ్మో, శవాన్ని తీసుకుపోతాండారు," అని దిగిపోయింది. మా వంశంలో ఎవరికీ జరగని అవమానం అది అనుకున్నాను. అప్పటికి ఆయన బతుకుతాడో లేదో తెలియదు, అయినా నేను అనుకున్నది అదే.

గుంటూరులో మోకాలి కిందికి తీసేశారు. తంగేడు చెక్క సంగతి నేను చెబితే డాక్టరు నవ్వాడు. ఆ చెక్క ఇంకా వాడి ఉంటే కాలు నిలిచేదేమో నాకు తెలియదు. నిలిచేది కాదని ఆయన అన్నాడు. ఆ పదకొండు రోజులూ ఆ కాలిని ఆయన చూడలేదు, నేను చూశాను. అంతకుమించి నేను చెప్పగలిగింది లేదు.

కోత గది వెనక తలుపునుంచి, ఊడ్చే మనిషి ఒకతను మూతలేని ఇనుప బకెట్టు పట్టుకుని బయటికి వచ్చాడు. పైన గోనెపట్టా కప్పి ఉంది. పట్టా కిందనుంచి నల్లబడిన మడమ కనిపించింది. అతను బీడీ నోట్లో పెట్టుకుని, బకెట్టును కాలికి తగలకుండా ఎడంగా పట్టుకుని, దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. నేను అతని వెంట పోలేదు. పోవాలని తట్టింది.

మర్నాడు మధ్యాహ్నం మా నాయనకు తెలివి వచ్చింది. దుప్పటి ఎక్కడ చదునుగా ఉందో చూసుకున్నాడు. నొప్పి గురించి అడగలేదు. కాలు ఎందుకు తీయనిచ్చినావని కూడా అడగలేదు.

"దాన్ని ఎవరు ఎత్తుకుపోయినారు?"

"నేనే నాయనా," అన్నాను.

"ఎవరి చేతికీ ఇయ్యలేదు గదా?"

"లేదు. నేనే ఎత్తుకుపోయి పూడ్చిపెట్టినా."

"యాడ?"

నేను దీనికి సిద్ధంగా లేను. నోటికి వచ్చిన పేరు చెప్పాను. "మన పైచేలో."

పైచేను మా చేతిలోనుంచి పోయి అప్పటికి పదహారేళ్ళు. అమ్మిన కాగితంమీద సంతకం పెట్టింది ఆయనే. ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత కింద నా చేతులవైపు చూశాడు. గోళ్ళలో ఎక్కడా మన్ను లేదు.

"సరే," అని అటు తిరిగి పడుకున్నాడు.